నేల కదిలినా నిలిచే పని: సైట్ ఇంజినీర్లకు, మేస్త్రీలకు కొన్ని మాటలు

సివిల్ డిప్లొమానో బీటెక్కో పూర్తి చేసి సైట్‌లో చేరినవాళ్లకు మొదటి నెలల్లో అప్పజెప్పే పనులు దాదాపు ఒకేలా ఉంటాయి. ఊచల లెక్క చూసుకోవడం, సిమెంటు బస్తాలు రాసుకోవడం, పిల్లర్ రింగులు సరిగ్గా కట్టారో లేదో చూసి కాంక్రీటు పోయమనడం. చివరిది పది నిమిషాల పని. చిన్న పనిలాగే కనిపిస్తుంది. కానీ ఆ భవనం కింద నేల ఎప్పుడైనా గట్టిగా కదిలితే, లోపలున్నవాళ్ల ప్రాణాలు చాలావరకు ఆ పది నిమిషాల శ్రద్ధ మీదే ఆధారపడతాయి.

భూకంపం ఎప్పుడొస్తుందో ముందుగా చెప్పే విద్య ఇప్పటికి మనిషి చేతికి రాలేదు. వచ్చినప్పుడు కట్టడాన్ని కూలకుండా నిలిపే విద్య మాత్రం చేతిలోనే ఉంది. అది ల్యాబుల్లో కంటే సైట్‌లో, ఊచలు వంచేవాడి బల్ల దగ్గర, మిల్లర్ దగ్గర ఎక్కువగా పనికొస్తుంది. అందుకే ఈ మాటలు సైట్ ఇంజినీర్లకు, సూపర్‌వైజర్లకు, తాపీ మేస్త్రీలకు, బార్ బెండర్లకు.

‘మన దగ్గర భూకంపాలేంటి?’

సైట్‌లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. జవాబు తెలిసి ఉండాలి. 1967లో ఒంగోలు దగ్గర, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో భూకంపాలు వచ్చాయి. భద్రాచలం భూకంపం తీవ్రత 5.7. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చినప్పుడు హైదరాబాద్‌లోనూ జనం బయటికి పరుగెత్తారు.

ఇవి పెద్ద నష్టం చేయలేదు కదా అని తేలిగ్గా తీసుకోకండి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారిలో 6.2 తీవ్రతతో భూమి కంపించింది. అప్పటి భూకంప జోన్ పటంలో ఆ ప్రాంతం అతి తక్కువ ప్రమాదం ఉన్న ఒకటో జోన్‌లో ఉండేది. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు నిద్రలో ఉన్నవాళ్ల మీద పడి వేల మంది చనిపోయారు. ఆ అనుభవం తర్వాత, 2002లో ఆ పటాన్ని సవరించినప్పుడు ఒకటో జోన్ అనే మాటనే తీసేశారు. దేశంలో భూకంపం రాదని హామీ ఇవ్వగల చోటు లేదని దాని అర్థం.

ఐఎస్ 1893 ప్రమాణం 2016 ప్రతి ప్రకారం హైదరాబాద్, విశాఖపట్నం రెండో జోన్‌లో, విజయవాడ మూడో జోన్‌లో ఉన్నాయి. ఈ ప్రమాణాలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. కొత్త ప్రాజెక్టు మొదలైనప్పుడు, అమల్లో ఉన్న ప్రతి ఏదో, మన ఊరు ఏ జోన్‌లో ఉందో డిజైనర్‌ను అడిగి రాసుకోండి.

తేదీ ఎందుకు చెప్పలేకపోతున్నాం?

భారత భూఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరంగా జరుగుతూ ఆసియా ఖండాన్ని నెడుతోంది. ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగదు. దక్కను లోపలి పాత పగుళ్ల దాకా పాకుతుంది. పగులుకు రెండు వైపులా ఉన్న రాయి కదలాలని చూస్తుంది, రాపిడి దాన్ని పట్టి ఉంచుతుంది. ఏళ్ల తరబడి బిగువు పేరుకుపోయి, పట్టు తప్పిన క్షణాన రాయి ఒక్కసారిగా జారుతుంది. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపాన్ని పరిశీలించి హెచ్.ఎఫ్. రీడ్ చెప్పిన ఈ వివరణే ఇప్పటికీ మనకు పునాది.

ఆ పట్టు ఎప్పుడు తప్పుతుందో తెలియాలంటే, కిలోమీటర్ల లోతులో రాయి మీద ఎంత ఒత్తిడి ఉందో, అది ఎంతవరకు ఓర్చుకోగలదో రెండూ తెలియాలి. అక్కడికి మన పరికరాలు చేరవు. పైగా చిన్న జారుడు చిన్నగానే ఆగుతుందో, పెద్దదిగా మారుతుందో మొదట్లో పోల్చుకోలేం.

ప్రయత్నాలు జరగలేదని కాదు. 1975 ఫిబ్రవరిలో చైనాలోని హైచెంగ్ దగ్గర వరుసగా చిన్న ప్రకంపనలు వస్తుంటే అధికారులు జనాన్ని ఇళ్ల నుంచి ఖాళీ చేయించారు. పెద్ద భూకంపం వచ్చింది, ఎందరో బతికారు. సమస్య తీరిందనే అనుకున్నారు. మరుసటి ఏడాది జులై 28న టాంగ్‌షాన్‌లో అలాంటి హెచ్చరిక ఏదీ లేకుండానే నేల కదిలింది. అధికారిక లెక్కలోనే 2.42 లక్షల మంది పోయారు. కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్‌లో సగటున 22 ఏళ్లకోసారి ఒకే రకం భూకంపం వస్తోందని గమనించి, 1993 లోపు మరొకటి వస్తుందని అంచనా వేశారు. ఊరి చుట్టూ పరికరాలు పాతి కాచుకున్నారు. అది 2004 సెప్టెంబరు 28న వచ్చింది. అంత దగ్గరగా గమనిస్తున్నా, ముందస్తు సూచన అని చెప్పదగ్గది ఏదీ దొరకలేదు.

అందుకని ‘ఫలానా రాత్రి ఇన్ని గంటలకు భూకంపం’ అంటూ ఫోన్లలో తిరిగే సందేశాన్ని నమ్మకండి, మీ కూలీలను నమ్మనివ్వకండి. శాస్త్రం చెప్పగలిగింది ఫలానా ప్రాంతంలో, భవనం నిలిచి ఉండే కాలంలో, ఎంత గట్టి కుదుపుకు సిద్ధపడాలో అన్నది మాత్రమే. జోన్ పటం చెప్పేది అదే.

ముందస్తు హెచ్చరిక అని వినే ఉంటారు. అది జోస్యం కాదు, భూకంపం మొదలయ్యాక వచ్చే కబురు. భూమిలో మొదట బయల్దేరే తరంగాలు సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో వెళ్తాయి. కట్టడాలను ఊపేసే రెండో రకం తరంగాలు సుమారు మూడున్నర కిలోమీటర్ల వేగంతో వెనక వస్తాయి. 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు ఈ రెంటి మధ్య 12 సెకన్ల వ్యవధి దొరుకుతుంది. జపాన్ 2007 నుంచి ఈ హెచ్చరికను ప్రజలందరికీ అందిస్తోంది. మన దేశంలో ఉత్తరాఖండ్ 2021లో ఐఐటీ రూర్కీ సాయంతో ఇలాంటి యాప్ తెచ్చింది. ఆ కొద్ది సెకన్లలో రైలు ఆపొచ్చు, లిఫ్ట్ ఆపొచ్చు, బల్ల కింద దూరొచ్చు. బలహీనమైన పిల్లర్‌ను బలంగా మార్చడం మాత్రం కుదరదు. ఆ పని కాంక్రీటు పోసిన రోజే అయిపోవాలి.

ప్రాణాలు కాపాడింది ఏమిటి?

2010లో రెండు నెలల్లోపే రెండు భూకంపాలు వచ్చాయి. జనవరి 12న హైతీలో 7.0, ఫిబ్రవరి 27న చిలీలో 8.8. తీవ్రత సంఖ్య ఒకటి పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లవుతుంది. ఆ లెక్కన చిలీ భూకంపం శక్తి హైతీ దానికి సుమారు 500 రెట్లు. హైతీలో లక్షకు పైగా చనిపోయారని అంచనా. చిలీలో, సునామీతో కలిపి, 500 పైచిలుకు. హైతీలో భూకంప కేంద్రం రాజధానికి దగ్గర్లోనే ఉంది, అది నిజమే. కానీ అసలు తేడా కట్టడాల్లో ఉంది. 1960లో 9.5 తీవ్రత భూకంపం చూసిన చిలీ, నిబంధనలు రాసుకుని వాటిని సైట్‌లో పాటించింది.

నిబంధన పుస్తకంలో ఉంటే చాలదనడానికి టర్కీ సాక్ష్యం. 1999 ఇజ్మిత్ భూకంపంలో 17 వేలకు పైగా మరణించాక అక్కడ నిబంధనలు మరింత కఠినమయ్యాయి. అయినా 2023 ఫిబ్రవరి 6న వచ్చిన భూకంపాల్లో ఆ దేశంలో 50 వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పాత భవనాలతో పాటు కొత్త నిబంధనలు వచ్చాక కట్టినవీ కొన్ని కూలాయి. కాగితం మీది గీతకూ సైట్‌లోని ఊచకూ మధ్య ఉన్న దూరం అది. ఆ దూరాన్ని చెరిపేయడమే మీ ఉద్యోగం.

ముందు ఈ ఒక్క సూత్రం పట్టుకోండి

పెద్ద భూకంపంలో చీలిక కూడా రాని ఇల్లు కట్టాలంటే అయ్యే ఖర్చు ఎవరూ భరించలేరు. అందుకే ప్రమాణాలు కోరేది వేరు: చిన్న కుదుపుకు దెబ్బతినకూడదు, పెద్ద కుదుపుకు దెబ్బతిన్నా కూలకూడదు. ఎండిన కందికట్టె ఫట్‌మని విరుగుతుంది, పచ్చి వెదురు వంగి నిలుస్తుంది. కాంక్రీటుకు ఆ వంగే గుణం సొంతంగా లేదు. ఊచలు, రింగులు కలిసి తెచ్చిపెట్టాలి. ఐఎస్ 13920 అనే ప్రమాణం మొత్తం ఈ సాగే గుణం గురించే. 2016 ప్రతి ప్రకారం మూడు, నాలుగు, ఐదు జోన్లలో దాన్ని పాటించి తీరాలి. రెండో జోన్‌లో తప్పనిసరి కాకపోయినా పాటించడం మేలు.

కాంక్రీటు పోయడానికి ముందు చూడాల్సినవి

కింది కొలతలు ఆ 2016 ప్రతిలోనివి. మీ డ్రాయింగ్‌లో ఇంతకన్నా గట్టి నిబంధన ఉంటే దాన్నే పాటించండి.

1. రింగు కొక్కెం. రింగు చివరలు 135 డిగ్రీలు వంగి, పిల్లర్ లోపలి కాంక్రీటులోకి దిగాలి. వంపు తర్వాత తోక ఊచ మందానికి 6 రెట్లు, కనీసం 65 మిల్లీమీటర్లు ఉండాలి. 90 డిగ్రీలకే వదిలేస్తే, కుదుపుకు పై పొర రాలగానే రింగు విచ్చుకుంటుంది. రింగు విచ్చుకుంటే నిలువు ఊచలు బయటికి ఉబ్బి పిల్లర్ నలిగిపోతుంది. కట్టిన తర్వాత వంపు సరిచేయడం కష్టం. కాబట్టి వంచే బల్ల దగ్గరే మొదటి రింగును కొలిచి, అదే నమూనాగా పెట్టండి.

2. రింగుల దూరం. పిల్లర్ పైచివర, అడుగుచివర రింగులు దగ్గరగా ఉండాలి. అక్కడి దూరం పిల్లర్ చిన్న వైపు కొలతలో నాలుగో వంతు, అతి సన్నని నిలువు ఊచ మందానికి 6 రెట్లు, 100 మిల్లీమీటర్లు – ఈ మూడింటిలో ఏది తక్కువైతే అది. ఇలా దగ్గరగా కట్టాల్సిన పొడవు పిల్లర్ పెద్ద వైపు కొలత, పిల్లర్ స్పష్టమైన ఎత్తులో ఆరో వంతు, 450 మిల్లీమీటర్లు – వీటిలో ఏది ఎక్కువైతే అంత.

3. జాయింట్ లోపలి రింగులు. బీము, పిల్లర్ కలిసేచోట ఊచలు కిక్కిరిసి రింగు దూర్చడం కష్టమవుతుంది. అందుకే చాలాచోట్ల అక్కడ వదిలేస్తారు. భూకంపం ఎక్కువగా నలిపేది ఆ జాయింట్‌నే. బీము ఊచలు దింపకముందే అక్కడి రింగులు కట్టించండి.

4. ల్యాపులు. పిల్లర్ నిలువు ఊచలకు ల్యాప్ ఎత్తులో మధ్య సగంలోనే ఉండాలి. స్లాబ్ మీద నుంచి వెంటనే ల్యాప్ మొదలెట్టడం మనవాళ్ల అలవాటు. భూకంపంలో పిల్లర్ ఎక్కువగా వంగేది సరిగ్గా ఆ చోటే.

5. ఊచ రకం. కట్ట మీది ట్యాగ్ చూడండి. 500 పక్కన ‘డి’ అక్షరం ఉంటే ఎక్కువ సాగే ఊచ. డ్రాయింగ్ ‘డి’ అడిగితే అదే రావాలి. తుప్పు రేకులుగా ఊడుతుంటే శుభ్రం చేయించాకే వాడనివ్వండి.

6. నీళ్లు. ‘గట్టిగా ఉంది సార్, దిగట్లేదు’ అని కాంక్రీటులో ఒక బకెట్ నీళ్లు కలిపితే బలం అక్కడే పడిపోతుంది. వైబ్రేటర్ వాడండి, లేదా ముందే తగిన మిక్స్ అడగండి. పోశాక తడి ఆరకుండా క్యూరింగ్ చేయించండి, క్యూబులు తీసి పరీక్షకు పంపండి.

7. ‘సేఫ్టీకి రెండు ఊచలు ఎక్కువ’. మంచి మనసుతోనే చేస్తారు కానీ, బీములో అలా పెంచితే పిల్లర్ కన్నా బీము బలమైపోవచ్చు. జాయింట్ దగ్గర పిల్లర్ల బలం బీముల బలానికి కనీసం 1.4 రెట్లు ఉండాలన్నది లెక్క. ముందు పిల్లర్ విరిగితే అంతస్తంతా కూర్చుండిపోతుంది. డిజైనర్‌ను అడగకుండా ఊచ తగ్గించకూడదు, పెంచనూ కూడదు.

పార్కింగ్ అంతస్తు మీద కన్నేయండి

2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు, కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలి వందల మంది చనిపోయారు. కూలినవాటిలో చాలా భవనాలకు కింద గోడల్లేని పార్కింగ్ అంతస్తు, పైన గోడలతో బిగిసిన ఫ్లాట్లు ఉన్నాయి. పైభాగం ఒక పెట్టెలా కదలకుండా ఉంటే, ఊగడమంతా కింది పిల్లర్ల మీదే పడింది. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ మనం రోజూ కడుతున్నది ఇలాంటి భవనాలే.

అలాంటి ప్రాజెక్టులో చేరితే డిజైనర్‌ను సూటిగా అడగండి: ‘కింది అంతస్తు మెత్తగా ఉంటుందని లెక్కలో తీసుకున్నారా? షియర్ వాల్స్ ఉన్నాయా?’ డ్రాయింగ్‌లో షియర్ వాల్‌గా ఉన్న కాంక్రీటు గోడను కారు తిరగడానికి అడ్డమని తీసేయమంటే, రాతపూర్వక అనుమతి లేకుండా తీయకండి.

నేల సంగతీ అడగండి. 1985లో మెక్సికో నగరం 350 కిలోమీటర్లకు పైగా దూరాన వచ్చిన భూకంపానికి కుదేలైంది. పాత చెరువు అడుగున పేరుకున్న మెత్తని మట్టి మీద కట్టిన నగరం కావడంతో కుదుపు ఎన్నో రెట్లు పెరిగింది. నీటితో నిండిన వదులు ఇసుక కుదుపుకు ద్రవంలా ప్రవర్తిస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పని చేసేవాళ్లు మట్టి పరీక్ష నివేదికను ఫైల్లో పెట్టి వదిలేయకూడదు.

తాపీ మేస్త్రీలకు

ఊళ్లలో పిల్లర్లు లేని ఇళ్లు ఇంకా కడుతూనే ఉన్నారు. అవి నిలవాలంటే గోడలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని కదలాలి. ఐఎస్ 4326 చెప్పేది ఇదే. పునాది మీద, కిటికీ తలుపుల పైన లింటెల్ ఎత్తులో, పెంకులు లేదా రేకుల కప్పు ఉంటే దాని కింద, ఊచలు పెట్టిన కాంక్రీటు పట్టీ ఇల్లంతా తెగకుండా తిరగాలి. లింటెల్‌ను కిటికీ మీద ముక్కగా వేసి ఆపితే పట్టీ కాదు. మూలల దగ్గర నిలువు ఊచ పునాది నుంచి కప్పు దాకా వెళ్లాలి. కిటికీలు మూలకు దగ్గరగా పెట్టొద్దు. రాతిగోడ అయితే గోడ మందమంతా పట్టే కట్టురాళ్లు వరుసల మధ్య వేయాలి. కిల్లారిలో గోడ రెండు పొరలుగా విడిపోయి కూలడానికి అవి లేకపోవడం ఒక కారణం.

‘కాదు’ అని ఎలా చెప్పాలి?

పైవన్నీ తెలిసినా, ‘ఎన్ని సైట్లు చూశాను బాబూ, ఒక్కటీ పడలేదు’ అని పెద్ద మేస్త్రీ అన్నప్పుడు కొత్తవాళ్ల నోరు పెగలదు. వయసులో పెద్దవారితో గొడవపడితే పని సాగదు. కాబట్టి ఇలా చేయండి.

తప్పు పూర్తయ్యాక పట్టుకోవడం కన్నా, మొదలుకాక ముందే చెప్పడం మంచిది. బార్ బెండర్ పని మొదలెట్టే రోజు పొద్దున్నే డ్రాయింగ్ తీసుకెళ్లి, ‘అన్నా, ఈ సైట్‌లో రింగులు ఇలా కావాలి’ అని ఒకటి వంచి చూపించండి. ఎందుకో కూడా చెప్పండి. కారణం తెలిసిన పనివాడు మీరు లేనప్పుడూ సరిగ్గానే కడతాడు. రింగు బరువు మీదో, సంఖ్య మీదో కూలి లెక్కైతే, 135 డిగ్రీల వంపుకు పట్టే అదనపు సమయాన్ని రేటులోనే చేర్చమని కాంట్రాక్టర్‌తో ముందే మాట్లాడండి. మనిషి నష్టపోయేలా నిబంధన పెడితే అది నిలవదు.

తనిఖీ చేసిన ప్రతి పిల్లర్‌కూ కాంక్రీటుకు ముందు ఫొటో తీసి, తేదీతో సైట్ రిజిస్టర్‌లో రాయండి. సరిచేయమని చెప్పినవీ రాయండి. నోటిమాటగా వచ్చిన మార్పును ‘మీరు చెప్పినట్టు ఇలా మారుస్తున్నాం, నిర్ధారించండి’ అని మెసేజ్‌గా పంపండి. చాలా తప్పుడు మార్పులు అక్కడే ఆగిపోతాయి. యజమానికి చట్టం సంగతి మర్యాదగా గుర్తుచేయొచ్చు: 2016 రెరా చట్టం ప్రకారం, దాని పరిధిలోకొచ్చే ప్రాజెక్టుల్లో, ఫ్లాట్ అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే ప్రమోటర్ సొంత ఖర్చుతో సరిచేయాలి. మీరు అడ్డుపడటం లేదు, ఆయన్ను కాపాడుతున్నారు.

పనిలో ఉండగా నేల కదిలితే

ఆఫీసు గదిలో ఉంటే గట్టి బల్ల కింద దూరి, తల కాచుకుని, బల్ల కాలు పట్టుకోండి. కుదుపు ఆగేదాకా మెట్ల వైపు పరుగెత్తొద్దు, లిఫ్ట్ ఎక్కొద్దు. సైట్‌లో ఉంటే తవ్విన గోతుల అంచు నుంచి, పేర్చిన ఇటుకల నుంచి, కరెంటు తీగల నుంచి దూరంగా జరగండి. కుదుపు ఆగాక అందరినీ ఖాళీ స్థలంలో నిలబెట్టి పేర్లు పిలవండి. సెంట్రింగ్, పరంజా, క్రేన్ పరీక్షించకుండా మళ్లీ ఎవర్నీ ఎక్కనివ్వొద్దు. తర్వాతి ప్రకంపనలు వస్తూనే ఉంటాయి.

ఈ దారిలో ఎదగాలంటే

ఐఐటీ కాన్పూర్‌లోని జాతీయ భూకంప ఇంజినీరింగ్ సమాచార కేంద్రం కోసం సి.వి.ఆర్. మూర్తి రాసిన ‘ఎర్త్‌క్వేక్ టిప్స్’ చిన్న చిన్న పాఠాలు, బొమ్మలతో ఉచితంగా దొరుకుతాయి. మొదట అవి చదవండి, తర్వాత ఐఎస్ 13920 పట్టుకోండి. ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటెల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలూ ఉచితమే. పై చదువుకు ఐఐటీ రూర్కీలో భూకంప ఇంజినీరింగ్‌కు ప్రత్యేక విభాగం ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది. భూభౌతికశాస్త్రం చదివినవాళ్లకు హైదరాబాద్‌లోనే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉంది. మేస్త్రీలు, బార్ బెండర్లు హైదరాబాద్‌లోని జాతీయ నిర్మాణ అకాడమీ (న్యాక్)లో శిక్షణ గురించి అడగొచ్చు.

పాత భవనాలను బలపరిచే పనీ నేర్చుకోండి. పిల్లర్ చుట్టూ కొత్త ఊచలు కట్టి కాంక్రీటు తొడగడం, మెత్తని అంతస్తుల్లో గోడలు చేర్చడం లాంటివి. మన ఊళ్లలో సరిగ్గా కట్టని అపార్ట్‌మెంట్లు, బడులు, ఆసుపత్రులు ఎన్నో ఉన్నాయి. వాటన్నిటినీ కూల్చి కట్టలేం, పరీక్షించి బలపరచాల్సిందే. ఆ పని తెలిసిన ఇంజినీరుకూ మేస్త్రీకీ ముందున్న రోజుల్లో చేతినిండా పని ఉంటుంది. డబ్బు ఒక్కటే కాదు, ఒక బడి పైకప్పు పిల్లల మీద పడకుండా చేశానని చెప్పుకోగల వృత్తి అది. ఆ తృప్తి కావాలనుకునేవాళ్లు ఇంకొకరి అనుమతి కోసం ఆగక్కర్లేదు. మీ చేతికి వచ్చే తర్వాతి పిల్లర్‌తోనే మొదలుపెట్టండి.